తమ్ముడు చెప్తానన్న కణాల ముచ్చట

ఆదిలాబాదు జిల్లాకు పోతున్నానంటే మా కాలేజీలో తలా ఒక మాట చెప్పారు. కుంటాల జలపాతం చూడకుండా రావద్దని ఒకరు, నిర్మల్ బొమ్మలు తెమ్మని ఒకరు, అడవి నీళ్లు తాగితే జ్వరం ఖాయమని ఒకరు. ఈ మూడో మాట అన్నావిడ అనేసి నాలుక కరుచుకుంది. నేను జలపాతం చూడలేదు, బొమ్మలూ తేలేదు. బొగ్గుగనుల ఊరు ఒకటి, కాగితం మిల్లు ఊరు ఒకటి, పత్తి చేల మధ్య బోథ్ ఒకటి, ఇవి చూసి వచ్చాను. కరీంనగర్‌లో ఉండేవాళ్లకు గోదావరి దాటితే వేరే దేశమన్నంత బెరుకు. నాకూ ఉండేది. అందుకే ఆ దిక్కు వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెళ్లిన పని వింతది. మూలకణాల గురించి, వాటిని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే బీజగణితం గురించి మూడు చోట్ల ఉపన్యాసాలివ్వాలి. నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. బీజగణితం నాదే. కణాలు మాత్రం నావి కావు, మా తమ్ముడు రఘువి.

పిట్ట ముట్టిన మాట

రఘు బోథ్‌లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. నేను ఎమ్మెస్సీలో గ్రూపుల సిద్ధాంతం చదివాను, కొన్నేళ్ల తర్వాత వాడు కణాలు చదివాడు. సెలవులకు ఇంటికొస్తే ఇద్దరికీ అదే కొట్లాట.

"అక్కా, నీ గ్రూపులు పనిపాట లేక కూసున్నయ్. మేమే వాటికి పని జూపిచ్చినం" అనేవాడు.

"మా ఇంట్ల గిన్నెలు ఎత్కపొయ్యి మీ ఇంట్ల వంట జేసుకున్నరు, గంతే" అనేదాన్ని.

మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మధ్యలో వచ్చి, "గిన్నెలో గ్రూపులో, అన్నం సల్లారవట్టె, లేవుండ్రి" అని ఇద్దరినీ కసిరేది.

వాడికి ఒక పిచ్చి ఉండేది. ఇంత గొప్ప సంగతి ఇంగ్లీషు పుస్తకాల్లోనే ఎందుకుండాలి, బొగ్గు తీసేవాళ్లకూ కాగితం చేసేవాళ్లకూ తెలుగులో చెప్తే ఎందుకర్థం కాదు అని. ఎవరెవరితోనో స్నేహం చేసి, మందమర్రిలో, కాగజ్‌నగర్‌లో, చివరికి తన కాలేజీలో చెప్తానని మాటిచ్చాడు. కనపడ్డ ప్రతివాళ్లతో ఆ సంగతి అన్నాడు. అవ్వతో అయితే మరీను.

భాద్రపదంలో వాగులు పొంగినప్పుడు వాడికి జ్వరమొచ్చింది. మలేరియా మెదడుకెక్కిందన్నారు. మా చిన్నబాపు, అంటే బాబాయి, ఆయన కొడుకు పోయి వాణ్ని ఇంటికి తీసుకొచ్చాడు. నేను వెళ్లలేదు. వాకిట్లో దించేటప్పుడు చూశాను.

మా దిక్కు దినాల నాడు పిట్టకు పెడతాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు తలా ఒక మాట ఇచ్చి బతిమాలుతారు. ఏ మాటకు కాకి దిగితే అదే ఆ కోరిక, ఇక ఆ మాట తప్పడానికి లేదు. పిట్ట ముట్టేదాకా ఎవరూ అన్నం తినరు.

రఘు ఆకులో మాంసం కూర, గారెలు, ఎవరో తెచ్చిన సిగరెట్ డబ్బా కూడా పెట్టారు. కాకి తుమ్మచెట్టు మీద కూర్చుంది గానీ దిగలేదు. అవ్వను మంచిగా చూసుకుంటామన్నాడు చిన్నబాపు. దిగలేదు. నీ మోటార్‌సైకిల్ ఎవ్వలకు అమ్మం అన్నాడు ఆయన కొడుకు. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు అవ్వ ముందుకు జరిగి, చెట్టు వైపు చేతులు జోడించి, "కొడుకా రఘూ, నువ్వు జెప్తనన్న ముచ్చట్లు ఆగయి. అక్క వొయ్యి జెప్తది. వచ్చి ముట్టు నాయినా" అంది.

కాకి దిగింది. అందరూ నా వైపు చూశారు.

కాకికి ఆకలైంది, దిగింది. ఆ మాత్రం లెక్క నాకు తెలుసు. అవ్వ ఆ మాట కాక కందిచేను సంగతి ఎత్తినా ఆ క్షణానికి దిగేదే. కానీ అవ్వ మొహం చూశాక ఆ లెక్క నోట్లోనే ఉండిపోయింది. ఇంకొక మాట కూడా అప్పటి నుంచే నోట్లో ఉండిపోయింది. రఘు పోయాడన్న మాట. ఇంట్లో అందరూ అన్నారు, ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, ఆ మాటా రాలేదు. కాలేజీలో సెలవుచీటీ కూడా మా ఆయనే రాసిచ్చాడు. మాఘమాసం వచ్చాక, తోడొస్తానన్న ఆయన్ని వద్దని చెప్పి, ఒక్కదాన్నే బస్సెక్కాను.

మందమర్రి

గోదావరి వంతెన మీద బస్సులో ఉన్నవాళ్లంతా కిటికీల్లోంచి పైసలు విసిరారు. నేనూ విసిరాను. నది సగం ఇసుకే. దాటగానే పొలాల రంగు మారలేదు గానీ, మంచిర్యాల దాటాక ఆరేసిన బట్టల రంగు మారింది. తెల్ల పంచె అన్నది ఎక్కడా కనిపించలేదు. మందమర్రిలో కంపెనీ క్వార్టర్లు వరుసగా ఒకే తీరున ఉంటాయి. ఇంటి నంబరు మరిచిపోతే ఎవరింట్లో భోంచేస్తామో తెలియదు. సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ బొగ్గుపొయ్యి రాజుకుంటుంది. ఊరంతా పొగ.

మనకు అన్నం వేళ అంటే ఆకలి వేళ. వాళ్లకు సైరన్ వేళ. సైరన్ కూస్తే షిఫ్టు మారినట్టు. పొయ్యి వెలిగించడం, నీళ్లు కాచడం, చంటిపిల్లను నిద్రపుచ్చడం, అన్నీ దాని ప్రకారమే. నాకు ఆతిథ్యమిచ్చిన ఓదెలు గనిలో పనిచేస్తూ అక్కడి రీడింగ్ రూమ్ చూసుకుంటాడు. రఘుకు చాలా దోస్తు. వాళ్లది మా పెద్దపల్లి దిక్కే. ఆయన భార్య రాజవ్వ నన్ను చూసీ చూడంగానే జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసులో నువ్వులపొడి మేం వేసేదానికి రెండింతలు వేసింది. బాగుంది.

"సార్ రాలేదా మేడం?" అన్నాడు ఓదెలు.

ఉత్తరం రాసినప్పుడు ఉపన్యాసానికి వస్తున్నామని మాత్రమే రాశాను. నోరు తెరిచాను. "ఒంట్ల బాగ లేదు. అందుకే నేనొచ్చిన" అన్నాను. ఉపన్యాసం అయిపోయాక అసలు మాట చెబుదామనుకున్నాను.

మొదటి షిఫ్టు వదిలాక జనం వచ్చారు. స్నానం చేసినా కంటి అంచుల్లో బొగ్గు కాటుకలా ఉండిపోయింది. నేను ఒక చతురస్రం పలక తీసుకుని నాలుగు మూలలకూ సుద్దతో గుర్తులు పెట్టాను. పావు వంతు తిప్పాను. "గుర్తులు లేకుంటే నేను తిప్పిన్నని మీకు తెలుస్తదా?" అన్నాను. తెలియదన్నారు. తిప్పినా ముందు ఎట్లా ఉందో అట్లాగే కనిపించే తిప్పుళ్లు కొన్ని ఉంటాయి. ఒకటి చేసి ఇంకొకటి చేస్తే, అదీ ఆ తిప్పుళ్లలోదే అవుతుంది. ఏమీ చేయకపోవడాన్ని కూడా ఒక తిప్పుడుగానే లెక్కపెడతాం. ఈ తిప్పుళ్ల కుటుంబాన్నే గ్రూపు అంటారు. పలకకు ఉన్నట్టే, కంటికి కనపడని కణాలకూ ఒక తీరు తిప్పుళ్లున్నాయి, వాటి లెక్క తెలిస్తే కణాల బంధుత్వాలు తెలుస్తాయి, అని చెప్పబోతుండగా సైరన్ కూసింది.

అది షిఫ్టు సైరన్ కాదట. నాకేం తెలుసు? నేను ఆగి, మోత అయిపోయాక మొదలుపెడదామని పలక పట్టుకుని నిలబడ్డాను. కళ్లు మూసి తెరిచేలోపు గదిలో ఒక్క మనిషి లేడు. చెప్పులు చాలావరకు అక్కడే ఉన్నాయి.

రాజవ్వ నా చెయ్యి పట్టుకుని గని గేటు దాకా లాక్కుపోయింది. ఆమె పెద్దకొడుకు రెండో షిఫ్టులో దిగి ఉన్నాడు. గేటు దగ్గర ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఏడవరు. మనిషి పైకొచ్చేదాకా ఏడిస్తే అశుభమని అక్కడి పట్టింపు. చాలాసేపటికి ఒకతన్ని మోసుకొచ్చారు. కాలు నలిగింది, ప్రాణానికి ఫికర్ లేదన్నారు. రాజవ్వ కొడుకు వెనకాలే నడిచొచ్చాడు. రాజవ్వ అక్కడే మట్టిలో కూలబడి, "ఇయ్యాల మనది గాదు చెల్లె, మనది గాదు" అని అప్పుడు ఏడ్చింది.

ఆ ఊళ్లో, ఆ సాయంత్రం, నేను ఇంకొక చావు మాట ఎట్లా ఎత్తేది? ఉపన్యాసంలో మిగిలింది మర్నాడు పొద్దున కొద్దిమందికి చెప్పి ముగించాను. బయలుదేరేటప్పుడు రాజవ్వ తిప్పతీగ ముక్కలు మూటగట్టి ఇచ్చింది. "తమ్మునికి కషాయం కాసి తాపియ్యి. ఎసొంటి జరమైన దిగుతది. పిల్లగానికి జర పానం బాగుజేస్కొమ్మని చెప్పు" అంది. మూట సంచిలో పెట్టుకున్నాను.

కాగజ్‌నగర్

ప్యాసింజరు బండిలో కాగజ్‌నగర్ చేరే ముందే ఊరు వచ్చిందని ముక్కు చెబుతుంది. ఉడికిన వెదురు వాసన. మొదటి గంట తల తిప్పింది, తర్వాత మరిచిపోయాను. అక్కడివాళ్లను అడిగితే "ఏం వాసన?" అన్నారు. స్టేషన్ బయట పోహా, జిలేబీ పొద్దున్నే తింటారు. తీపి, కారం ఒకే పళ్లెంలో. మా ఇంట్లో పొద్దున్నే జిలేబీ తింటే అవ్వ డాక్టర్ను పిలుస్తుంది. చాయ్ అర్ధ రూపాయి, బాసి, అంటే సాసరు, అంచు దాకా పోస్తారు. హిందీ, మరాఠీ, తెలుగు, మూడూ ఒకే వాక్యంలో వినపడతాయి.

ఉపన్యాసం హైస్కూల్లో. హెడ్మాస్టరు పెద్దమనిషి, మాట తక్కువ. మాటలన్నీ ఆయన భార్య సుశీలమ్మవే. మిల్లు పనివాళ్లు, టీచర్లు, కొందరు పిల్లలు వచ్చారు. ఈసారి బాగా చెప్పానని నేనే అనుకోవాలి. ముందొక సంగతి, తర్వాతొక సంగతి చేస్తే వచ్చే ఫలితం, తారుమారు చేస్తే రాదు అని చెప్పడానికి పప్పు నానబెట్టి రుబ్బడం, రుబ్బి నానబెట్టడం ఉదాహరణ ఇచ్చాను. ఆడవాళ్లు నవ్వారు. కణాల తిప్పుళ్లు కూడా ఇట్లాంటివే, ఏది ముందో ఏది వెనకో పట్టింపు ఉన్నవి. "మా తమ్ముడు అంటడు, కణాలకన్న మనుషులే నయం, చెప్తే ఇంటరు అని" అన్నాను. అంటాడు అన్నాను. అనేవాడు అనలేదు.

చివర్లో గ్రూపుకు ఉండవలసిన ఇంకొక గుణం చెప్పాను. చేసిన ప్రతి పనికీ దాన్ని వెనక్కి తిప్పే పని కూడా అందులోనే ఉండాలి. కుడికి తిప్పితే ఎడమకు తిప్పొచ్చు. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికి రావచ్చు.

మిల్లులో పనిచేసే ఒకతను లేచాడు. "అన్నిటికి వాపస్ ఉంటదా మేడం? మేం వెదురు తెచ్చి కాయితం జేస్తం. కాయితం తెచ్చి మల్ల వెదురు జేస్తరా?"

అందరూ నవ్వారు. "చెయ్యలేం. అందుకే అది గ్రూపు గాదు" అన్నాను. నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత చెప్పవలసిన రెండు మాటలు మరిచిపోయి ఊరికే నమస్కారం పెట్టి కూర్చున్నాను. నేను ఇన్నేళ్లు చదివిందీ చెప్పిందీ వెనక్కి తిప్పగలిగిన వాటి గురించే. వెనక్కి తిరగని దాని గురించి నా పుస్తకాల్లో ఒక్క ముక్క లేదు. ఆ సంగతి అక్కడ, ఆ స్టేజీ మీద నాకు తట్టింది. తమ్ముడి మీద కోపమొచ్చింది. నాకు చెప్పకుండా పోయినందుకు.

భోజనాల దగ్గర సుశీలమ్మ నా ఇంటిపేరు అడిగింది. మా అమ్మమ్మ ఊరు అడిగింది. తర్వాత ఆమె మొహం వెలిగింది. "మనోళ్లే! తమ్ముడు ఎంత పొడుగుంటడు? పెండ్లి కాలే గదా?"

చెల్లెలి బిడ్డ ఉందట, ఆసిఫాబాదులో టీచరట. నేను ఆగమని చెప్పాలి. చెప్పలేదు. రఘు ఎత్తు చెప్పాను. వాడికి వంకాయ పడదని చెప్పాను. కోపమొస్తే రెండు గంటలకు మించి ఉండదని, ఎవరేది అడిగినా లేదనడని, చిన్నప్పుడు రేడియో విప్పి మళ్లీ బిగించలేక ఏడ్చాడని చెప్పాను. ఆమె పడీపడీ నవ్వింది. నిజం చెప్పాలంటే, భాద్రపదం తర్వాత నాకు సంతోషంగా గడిచింది ఆ కాస్తసేపే. ఆ భోజనాల గదిలో వాడు ఉన్నాడు, పెళ్లీడుకొచ్చి ఉన్నాడు.

మర్నాడు బస్టాండుకు ఆమె అమ్మాయి ఫొటోతో వచ్చింది. "ఇప్పుడొద్దు వదినా, వాడు ఇప్పుడే చేస్కోనంటున్నడు" అని చేతులు పట్టుకున్నాను.

"అందరు గట్లనే అంటరు" అని నవ్వి, ఫొటో మళ్లీ సంచిలో పెట్టుకుంది.

తిరుగు దారిలో అసలు మాట చెప్పడానికి మళ్లీ సుశీలమ్మ ఇంటికి వెళ్లాను. అది రాయవలసిన సంగతి కాదు.

ఉట్నూరు దారి

ఆసిఫాబాదు దాటాక టేకు అడవి. ఆకులు రాలే కాలం, బస్సు పోతుంటే రెండు వైపులా గలగల. నా పక్కన జంగు అనే గోండు పెద్దమనిషి కూర్చున్నాడు. తలకు తెల్ల రుమాలు, చేతిలో కొత్త గొడుగు. ఎండాకాలం కూడా రాకముందే గొడుగెందుకంటే, పిల్లను చూడటానికి పోతున్నాను గదా అన్నాడు. పిల్ల కొడుక్కు.

"మొన్న ఒక పిల్లను జూసినం అక్కా. మంచిగుండె. కని గాళ్లది ఏడు దేవుళ్ల ఇల్లు. మాది గూడ ఏడు దేవుళ్లే. అన్నదమ్ములైతరు. కుదరలే. ఇప్పుడు ఆరు దేవుళ్లోళ్ల ఇంటికి వోతున్న" అన్నాడు.

వాళ్లలో నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవుళ్ల వాళ్లని వంశాలు విడివిడిగా ఉంటాయట. దేవుళ్ల సంఖ్య ఒక్కటే అయితే పెళ్లి లేదు. ఎన్ని ఊళ్ల దూరమైనా, మునుపు మొహాలు చూసుకోకపోయినా లేదు. మన గోత్రాల పట్టింపు లాంటిదే గానీ, సంఖ్యతో చెప్పడం నాకు నచ్చింది. కణాల్లోనూ ఇట్లాగే ఉంటుందని ఆయనకు చెప్పాను. ప్రతి కణానికీ కొన్ని సంఖ్యలుంటాయి. రెండు కణాలు ఢీకొన్నప్పుడు ఏవేవి పుట్టొచ్చో, ఏవి ఎన్నటికీ పుట్టవో ఆ సంఖ్యలే చెబుతాయి. లెక్క కుదరకపోతే ఎంత బలంగా ఢీకొట్టినా ఆ పని జరగదు.

జంగు శ్రద్ధగా విన్నాడు. "మరి గా చిన్నయిటికి పెద్దమనుషులెవరు, లెక్క సూసెటోళ్లు?" అన్నాడు.

"ఎవ్వరు లేరు. వాటంతటవే పాటిస్తయ్."

"మంచిగున్నయ్" అన్నాడు. "మా పిల్లగాండ్లకు జెప్పాలె." గొడుగు ఒళ్లోకి తీసుకుని, "నువ్వెటు వోతున్నవ్ అక్కా?" అన్నాడు.

"బోథ్. తమ్ముని తాన్కి. ఒక్కడే ఉంటడు" అన్నాను. మూడోసారి. ఇది అబద్ధమని కూడా నాకప్పుడు అనిపించలేదు.

ఆయన మూట విప్పి, ఇప్పపువ్వు, నువ్వులు, బెల్లం దంచి కట్టిన లడ్డూలు తీసి నా ఒళ్లో పెట్టాడు. వియ్యాలవారికని తీసుకుపోతున్నవి. "తమ్మునికియ్యి. ఒక్కడుంటడంటివి, మంచిగ తినడు" అని ఉట్నూరులో దిగిపోయాడు. దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, గొడుగు ఎత్తి చూపించి నవ్వాడు.

బోథ్

గుడిహత్నూరులో బస్సు మారి, దుమ్ముతో నిండిన ఇంకొక బస్సులో బోథ్ చేరాను. అప్పటికి పత్తి ఏరడం అయిపోవచ్చింది. కట్టెలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటికి అక్కడక్కడా పత్తి తెల్లగా చిక్కుకుని కనిపించింది. ఇక్కడి మాటలో మరాఠీ ఇంకా ఎక్కువ. ఆడవాళ్లను బాయీ అని పిలుస్తారు.

రఘు అద్దెకున్న ఇంటివాళ్లావిడ గంగూబాయి. సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఒంట్లో బాగలేదని చెప్పడానికి లేదు, తాన్కి పోతున్నానని చెప్పడానికి లేదు. నేను గడప దగ్గర నిలబడగానే ఆమె చేటలో పప్పు వదిలేసి వచ్చి, నా మెడ చుట్టూ చేతులు వేసి శోకం ఎత్తుకుంది. చావు తర్వాత మొదటిసారి కలిసినప్పుడు ఇట్లా పట్టుకుని ఏడవడం మా ఊళ్లోనూ ఉంది. పోయినవాళ్లతో మాట్లాడుతున్నట్టే ఏడుస్తారు.

"ఓ నా రఘుపతీ, నా బంగారి కొడుకా! అక్కొచ్చింది సూడు, అక్కకు చాయ్ వెట్టవా కొడుకా! పొద్దుగాల్నే నీళ్ల బిందె అందుకుంటివి గదా, ఇప్పుడెవలందుకుంటరు కొడుకా!"

బజారులో పోయేవాళ్లు ఆగారు. ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చి వాళ్లూ పట్టుకున్నారు. నేను గుంజలా నిలబడ్డాను. వాళ్ల ఏడుపుకు నా భుజం తడిసింది గానీ నా కళ్లు తడవలేదు. వాళ్లేమనుకున్నారో తెలియదు. గంగూబాయి కళ్లు తుడుచుకుని, "రా బాయీ, ఎండన వడి వచ్చినవ్" అని మామూలు గొంతుతో మంచినీళ్లిచ్చింది.

వాడి గది చిన్నది. మంచం, కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు. ఇంకెవరికీ ఇయ్యలేదట. జంగు ఇచ్చిన లడ్డూలు ఇద్దరం ఆ మంచం మీద కూర్చుని తిన్నాం. ఇప్పపువ్వు తీపి కాస్త మత్తుగా ఉంటుంది. రాజవ్వ తిప్పతీగ మూట గంగూబాయికిచ్చాను. ఆమె అది చూసి, "నేను గూడ తాపిన బాయీ" అంది.

అప్పుడు అడిగాను, ఎట్లా జరిగిందని. వాన, వాగు నిండింది, బస్సు రాలేదు. పొద్దున తగ్గుతుంది, తగ్గగానే ఆదిలాబాదు పోతానన్నాడట. ఈమె తడిగుడ్డలు వేసింది. రాత్రంతా జ్వరంలో మాట్లాడాడట.

"నీతోనే బాయీ. అక్కా అక్కా అనుకుంట కొట్లాడిండు. నవ్విండు గూడ."

"ఏమన్నడు?"

"నాకేం తెలుస్తది? గిన్నెలు మాయే, గిన్నెలు మాయే అన్నడు. గీ రెండు గిన్నెలే గద వాని తాన. ఎవలడిగిన్లో ఏమో అనుకున్న."

 ఆ రెండు గిన్నెలూ తీసుకుని, బాగానే ఉన్నవి మళ్లీ తోముతూ చాలాసేపు పెరట్లో కూర్చున్నాను.

మర్నాడు పొద్దున కాలేజీలో ఉపన్యాసం. వాడి క్లాసు పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచో సైకిళ్ల మీదో వచ్చేవాళ్లు. బల్లలు పక్కకు జరిపి అందరినీ చుట్టూ కూర్చోబెట్టాను. గంగూబాయి దగ్గర జొన్నలు, కందులు, పత్తిగింజలు అడిగి తెచ్చుకున్నాను. మూడు దినుసులు. వీటిలోంచి మూడేసి గింజల కుప్పలు పెట్టండి, ఒకే రకం మూడైనా సరే, కలిపినా సరే, ఎన్ని రకాల కుప్పలొస్తాయో చూడండి అన్నాను. పిల్లలు పేర్చారు. పత్తిగింజ లేని కుప్పలు నాలుగు, ఒకటి ఉన్నవి మూడు, రెండు ఉన్నవి రెండు. వాటిని ముగ్గు వేసినట్టు వరుసగా ఒకదాని పైన ఒకటి పెట్టించాను. పైన కొస దగ్గర ఆపాను.

"పరిశోధనల్లో కణాలు కుప్పలుతెప్పలుగ దొర్కుతున్న రోజుల్లో, ఇట్లనే తొమ్మిదిటికి జాగ దొరికింది. లెక్క మాత్రం పది ఉండాలంటున్నది. కొస మీద జాగ ఖాళీ. గ్రూపుల లెక్క నమ్మినోళ్లు ఖాళీని జూసి, అండ్ల ఉండేదానికి బరువెంతుండాలె, విద్యుదావేశమెంతుండాలె ముందే చెప్పిన్రు. మందిలో నమ్మనోళ్లే ఎక్కువ. వెదికిన్రు. దొరికింది. చెప్పినట్టే ఉండె."

మూడు పత్తిగింజలు తీసి కొస మీద పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రఘు ఇది చెప్పేటప్పుడు తానే చప్పట్లు కొట్టుకునేవాడు. అయిపోయింది. అవ్వ ఇచ్చిన మాట తీరింది. ఇక నేను చెప్పవలసింది ఏమీ లేదు. ఇన్నాళ్లూ వాడి పని ఇంకా మిగిలి ఉందన్న ధైర్యంతో తిరిగాను.

ముందు వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. సునంద, రఘు దగ్గర చదువుకున్నదట. "మేడం, లెక్కల జాగ ఉంటే, అండ్ల ఉండెటిది ఎక్కడ్నో ఒక్కకాడ ఉన్నట్టే గదా?"

"లెక్క సరిగుంటే ఉన్నట్టే."

"మరి ఎంత దేవులాడినా దొరకకపోతే?"

జవాబు నాకు తెలుసు. దొరకకపోతే మన లెక్క తప్పని ఒప్పుకోవాలి. అదే చెబుదామని నోరు తెరిచాను.

"మా తమ్ముడు చచ్చిపోయిండు బిడ్డా" అన్నాను.

 ఆ సంగతి వాళ్లందరికీ నాకంటే ముందే తెలుసు. సునంద వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఎరుకే మేడం" అంది. నేను గింజల పక్కన నేల మీద కూర్చుని, ఆ పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి, వాడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాను.